పలికించే ముందు పని చెప్పండి



నేనుండేది జర్మనీలో. శని, ఆదివారాల్లో ఇక్కడి మన పిల్లలకు తెలుగు చెబుతుంటాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా, మ్యూనిక్‌లో ఉన్నా, బెర్లిన్‌లో ఉన్నా మన అమ్మానాన్నలది ఒకటే దిగులు. "మావాడికి తెలుగు అర్థమవుతుందండీ, మాట్లాడడు" అంటారు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మలకీ తాతయ్యలకీ అదే దిగులు. అందుకని ఈ మాటలు ఇక్కడి అమ్మానాన్నలకీ చెబుతున్నాను, అక్కడి పెద్దవాళ్ళకీ చెబుతున్నాను.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. పిల్లల చేత పలికించే ముందు, పిల్లలకు పని చెప్పండి. ముందు చెవి వినాలి. తర్వాత చెయ్యీ కాలూ కదలాలి. ఆ తర్వాతే నోరు. అక్షరం అన్నిటికన్నా చివర. ఈ మాటే మధ్యమధ్యలో మళ్ళీ చెబుతాను, మీకు గుర్తుండిపోవాలని.

ముందు మన ఇళ్ళల్లో ఏం జరుగుతోందో చూద్దాం.

నాలుగేళ్ళ పాప ఉందనుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా కీటాకి వెళ్తుంది. కీటా అంటే ఇక్కడి శిశువిహారం. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అందులో చోటు ఇవ్వాలని 2013 ఆగస్టు నుంచి ఇక్కడ చట్టం ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇళ్ళల్లో పిల్లలు చాలా చిన్నప్పుడే అక్కడ చేరతారు. నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్రంలోనైతే వారానికి 25 గంటలు కావాలా, 35 కావాలా, 45 కావాలా అని తల్లిదండ్రులను ముందే అడుగుతారు. 45 గంటలు జర్మన్ మాటల మధ్య గడిపిన పిల్లకు, ఆదివారం పూట ఒకటో రెండో గంటలు తెలుగు.

ఆ కాస్త సమయంలో మనం ఏం చేస్తాం? నోటుపుస్తకం ముందు పెడతాం. అ, ఆ దిద్దిస్తాం. 56 అక్షరాలు. ఆపైన గుణింతాలు. ఆపైన ఒత్తులు. మన చిన్నప్పుడు మనమూ ఇలాగే నేర్చుకున్నాం కదా అనుకుంటాం.

కాదండీ. ఒక్కసారి ఆలోచించండి. మనం బడికి వెళ్ళేనాటికే మనకు తెలుగు వచ్చు. అన్నం కావాలని అడగడం వచ్చు. అన్నయ్య కొట్టాడని అమ్మకు చెప్పడం వచ్చు. కథ వినడం వచ్చు. బళ్ళో పంతులుగారు మనకు నేర్పింది అక్షరాలు. భాష అప్పటికే వంటింట్లోనూ, వీధి అరుగు మీదా, పెరట్లోనూ వచ్చేసింది. ఈ పాపకు అరుగూ లేదు, పెరడూ లేదు. అక్షరాలు మాత్రం వచ్చి మీద పడ్డాయి. నెల తిరిగేసరికి ఆదివారం వస్తోందంటే పాపకు కడుపునొప్పి మొదలవుతుంది.

మరి ఇదే పాప జర్మన్ ఎలా నేర్చుకుందో చూడండి. కీటాలో చేరిన రోజు దానికి ఒక్క ముక్క జర్మన్ రాదు. గుమ్మం పక్కన కోటు తగిలించుకునే కొక్కెం ఒకటి చూపించారు. దాని మీద ఒక బొమ్మ. ఒక పిల్లకు సీతాకోకచిలుక, ఇంకో పిల్లాడికి కారు. టీచరమ్మ బూట్లు విప్పమంది, వేలితో చూపించింది. పాప విప్పింది. కోటు తగిలించమంది. తగిలించింది. చేతులు కడుక్కోమంది. కడుక్కుంది. ప్రొద్దున అందరూ గుండ్రంగా కూర్చుంటారు. పాట పాడతారు. చప్పట్లు కొట్టాలి, లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి. పాప అందరితో పాటు లేచింది, తిరిగింది.

ఇన్ని రోజులూ పాప నోరు విప్పలేదు. కొందరు పిల్లలు వారాల తరబడి విప్పరు. కొందరికి నెలలు పడుతుంది. అనుభవమున్న టీచర్లు దానికి కంగారుపడరు. "చెప్పు, చెప్పు" అని నిలదీయరు. పాప చెప్పిన పని చేస్తోంది, అంటే మాట లోపలికి వెళ్తోంది. బిందె నిండాకే కదా నీళ్ళు పొర్లేది. ఒకరోజు పక్కనున్న పిల్లాడు బొమ్మ లాక్కున్నాడు. పాప నోట్లోంచి జర్మన్‌లో "అది నాది!" అన్న మాట వచ్చేసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

ఈ పద్ధతి ఈ నేల మీద పాతదే. కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టింది ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్. 1840లో, ట్యూరింగియా ప్రాంతంలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో. 1844లో ఆయన తల్లుల కోసం ఒక పాటల పుస్తకం తెచ్చాడు. పాటతో పాటు వేళ్ళు ఎలా ఆడించాలో, చేతులు ఎలా తిప్పాలో అందులో ఉంటుంది. మన చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తారంగం కూడా అలాంటివే కదా. మాటా ఆటా కలిసే నడుస్తాయి. మన అమ్మమ్మలకు ఈ విద్య ఎప్పుడో తెలుసు. మనమే నోటుపుస్తకం తెరిచాక దాన్ని పక్కన పెట్టేశాం.

ఇప్పుడు జర్మనీ దాటి ఇంకో దేశం వెళ్ళొద్దాం. దక్షిణాఫ్రికా. అక్కడ ఆఫ్రికాన్స్ అనే భాష ఉంది. డచ్చి భాషలోంచి పుట్టింది, జర్మన్‌కు దగ్గరి చుట్టం. అక్కడ ఇంట్లో ఇంగ్లీషో, జూలూనో మాట్లాడే పిల్లలు చాలామంది బళ్ళో ఆఫ్రికాన్స్‌ను అదనపు భాషగా నేర్చుకుంటారు. 2012 నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి పాఠ్యప్రణాళిక అదనపు భాషను ఒకటో తరగతిలోనే మొదలుపెట్టమంటుంది. ఒకటి, రెండు తరగతుల్లో దానికి దొరికేది వారానికి 2 నుంచి 3 గంటలు. చూశారా, మన ఆదివారం తరగతికి దగ్గరదగ్గరగా ఉంది.

మరి ఆ కొద్ది గంటల్లో వాళ్ళు దేంతో మొదలుపెడతారు? వినడంతో. విన్నదాన్ని చెయ్యడంతో. చదవడం, రాయడం మెల్లగా వెనక వస్తాయి. టీచరు "స్టాన్ ఓప్" అంటుంది. అంటూ తనే లేచి నిలబడుతుంది. పిల్లలూ లేస్తారు. "సిట్" అంటుంది. తను కూర్చుంటుంది. పిల్లలూ కూర్చుంటారు. కాసేపయ్యాక టీచరు కదలదు, మాట మాత్రమే అంటుంది. పిల్లలే లేస్తారు, పిల్లలే కూర్చుంటారు. ఎవరినీ పలకమని అడగలేదు. కానీ అందరికీ పాఠం వచ్చింది.

ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చినవాడు జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1960లలో. పసిబిడ్డ మాట్లాడటానికి ముందు ఏడాదికి పైగా పెద్దవాళ్ళ మాట వింటుంది, విని ఒంటితో జవాబు చెబుతుంది. రెండో భాష నేర్పేటప్పుడూ అదే వరస పాటించమన్నాడాయన. ముందు చెవి, తర్వాత చెయ్యి, ఆ తర్వాత నోరు.

సరే, మన ఇంట్లో దీన్ని ఎలా చెయ్యాలి? పుస్తకం అక్కర్లేదు. కొత్తగా సమయం కేటాయించడమూ అక్కర్లేదు. రోజూ చేసే పనులే చాలు.

జర్మనీలో చలికాలం సంగతి ఇక్కడుండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లను బయటికి తీసుకెళ్ళాలంటే పావుగంట తయారీ. ఆ పావుగంటే తెలుగు పాఠం. "మేజోళ్ళు తొడుక్కో. బూట్లు వేసుకో. కోటు వేసుకో. టోపీ పెట్టుకో." మొదటి రోజు మీరు అంటూ చేసి చూపించండి. మీ టోపీ మీరు పెట్టుకోండి. రెండో రోజు మీరూ పాపా కలిసి చెయ్యండి. నాలుగో రోజు మీరు మాట మాత్రం అనండి. వేలు చూపించొద్దు. టోపీ వైపు చూడనైనా చూడొద్దు. ఎందుకంటే పిల్లలు చాలా తెలివైనవాళ్ళు. మన మాట వినకుండా మన కళ్ళు చూసి పని చేసేస్తారు. సైగ లేకుండా పని జరిగిందంటే, ఆ మాట పాపకు వచ్చినట్టే.

అది వచ్చాక కొంచెం మార్చండి. "నాన్న టోపీ తే. అమ్మ టోపీ కాదు, నాన్నది." ఇప్పుడు పాప మొత్తం మాట వినాలి. ఆ తర్వాత రెండు పనులు కలిపి చెప్పండి. "తలుపు వేసి, నా దగ్గరికి రా." ఇంకొన్నాళ్ళకు, "చలిగా ఉంటే టోపీ పెట్టుకో." ఎంత వ్యాకరణం వెళ్ళిపోయిందో చూడండి. పాపకు అందులో కనిపించింది టోపీ మాత్రమే.

వంటింట్లోకి రండి. "ఉల్లిపాయ తే. ఇంకోటి తే. చిన్నది తే. పొట్టు తియ్యి. పొట్టు బుట్టలో వెయ్యి." లెక్కా వచ్చింది, చిన్నా పెద్దా వచ్చింది, లోపలా బయటా వచ్చింది. మధ్యలో ఒకసారి నవ్వించండి. "చెంచా నెత్తి మీద పెట్టుకో" అనండి. "ఉల్లిపాయకు ముద్దు పెట్టు" అనండి. పాప పకపకా నవ్వుతుంది. అలవాటు లేని పనిని మాట విని చేసిందంటే ఊహించి చెయ్యలేదన్నమాట. నిజంగా అర్థమై చేసింది.

తెలుగుకు ఇందులో ఒక సదుపాయం కూడా ఉంది. మన క్రియలు చాలా వేషాలు వేస్తాయి. ఎక్కాను, ఎక్కింది, ఎక్కుతున్నారు, ఎక్కలేదు. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఇవన్నీ ఒకే మాటని తెలియడం కష్టం. పని చెప్పేటప్పుడు మాత్రం మాట పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఎక్కు. దూకు. పట్టు. వదులు. అక్కడ మొదలుపెడితే మిగతావి ఒక్కొక్కటే వచ్చి దానికి అతుక్కుంటాయి. పాప కుర్చీ ఎక్కాక మీరే అనండి, "అదిగో, పాప కుర్చీ ఎక్కింది!" పాప చేసిన పనే పాపకు చెవిలో కథగా వినపడుతుంది.

కొన్నాళ్ళకు ఆట తిప్పండి. పాపను పంతులమ్మను చెయ్యండి. "ఇప్పుడు నువ్వు చెప్పు, నేను చేస్తాను" అనండి. అప్పుడు చూడండి. నాన్నచేత గెంతించాలంటే పాప "దూకు" అనాలి. నాన్న దూకుతాడు. మాట అంటే పని జరుగుతోంది! ఇంతకంటే పెద్ద బహుమతి ఏ పిల్లకూ అక్కర్లేదు. నోరు అదే తెరుచుకుంటుంది.

మరి పాప జర్మన్‌లోనే జవాబిస్తే? చాలా ఇళ్ళల్లో ఇక్కడే గొడవ మొదలవుతుంది. "తెలుగులో చెప్పు! తెలుగులో చెబితేనే ఇస్తాను!" దయచేసి అలా అనొద్దు. పాప జవాబిచ్చిందంటే మీ తెలుగు అర్థమైంది. అది సంతోషించాల్సిన సంగతి. పాప జర్మన్‌లో మంచినీళ్ళు అడిగింది. మీరు "మంచినీళ్ళు కావాలా? ఇదిగో, గ్లాసు పట్టుకో" అనండి. మాట సరిదిద్దలేదు, తిట్టలేదు, కానీ తెలుగు మాట అందించారు. మీరు మాత్రం తెలుగు వదలొద్దు. పిల్ల భాష మార్చినా పెద్దవాళ్ళు మార్చకూడదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకే ఉన్న చిక్కు ఒకటుంది. ఎప్పుడూ "రా, కూర్చో, తిను" అని వినే పిల్ల, ఇంటికొచ్చిన పెద్దాయనతోనూ "కూర్చో" అంటుంది. అమ్మకు తల కొట్టేసినట్టవుతుంది. కానీ అందులో పాప తప్పేం లేదు. దానికి వినపడింది అదే. దీనికీ మందు ఆటే. బొమ్మల్ని చుట్టాలుగా పిలవండి. ఎలుగుబంటి బొమ్మ తాతయ్యగారు. "రండి తాతయ్యా. కూర్చోండి. కాఫీ తీసుకోండి." పాప చేత కప్పు ఇప్పించండి. ఇంకో బొమ్మ చెల్లాయి. దానితో "రావే, కూర్చో." ఎవరితో ఏ మాటో పాప చెవికి పట్టుబడుతుంది. ఇంట్లో అమ్మా నాన్నా ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకుంటే ఇంకా మంచిది. ఇక్కడి పిల్లలకు ఈ తేడా కొత్తదేం కాదు. జర్మన్‌లోనూ దగ్గరివాళ్ళకు ఒక మాట, గౌరవించేవాళ్ళకు ఇంకో మాట ఉన్నాయి. బడికి వెళ్ళాక అక్కడా నేర్చుకుంటారు.

ఇప్పుడు అమ్మమ్మలూ, నానమ్మలూ, తాతయ్యలూ, మీతో రెండు మాటలు. ఆదివారం వీడియో కాల్ వస్తుంది. తెర మీద మనవరాలు కనిపించగానే ప్రాణం లేచొస్తుంది. వెంటనే అడుగుతారు, "ఏం తిన్నావమ్మా? చెప్పు. తెలుగులో చెప్పు. అమ్మమ్మా అను." పాప బిగుసుకుపోతుంది. రెండు నిమిషాల్లో తెర ముందు నుంచి పారిపోతుంది. మీకేమో మనసు చివుక్కుమంటుంది.

ఈసారి ఇలా చేసి చూడండి. చెప్పమని అడగొద్దు. పని చెప్పండి. "నీ బొమ్మ తెచ్చి అమ్మమ్మకు చూపించు. దాని ముక్కు పట్టుకో. దానికి జో కొట్టు. ఇప్పుడు నీ ఎర్ర గౌను తే. కిటికీ దగ్గరికి వెళ్ళి చూడు, మంచు పడుతోందా?" పాప పరిగెడుతుంది, తెస్తుంది, చూపిస్తుంది. మీ మాటకు అటు, వేల మైళ్ళ అవతల, ఒక చిన్న మనిషి కదులుతుంది. తర్వాత మీరు ఆటలో దిగండి. పాప చెప్తే తాతయ్య చెవులు పట్టుకోవాలి, గుంజీలు తియ్యాలి. మోకాళ్ళ నొప్పులుంటే కూర్చునే తియ్యండి, పర్వాలేదు. రోజుకు పది నిమిషాలు ఇలా గడిపితే, మీరు తెలుగు పంతులు చెయ్యలేని పని చేసినట్టే.

మరి అక్షరాలు అసలు నేర్పొద్దా? నేర్పాలి. తప్పకుండా నేర్పాలి. కానీ మాట వచ్చాక. ఆరేళ్ళకు ఇక్కడ బడి మొదలవుతుంది. అక్కడ టీచర్లు పిల్లల చేత మాటను చప్పట్లతో విడగొట్టిస్తారు. అరటిపండును జర్మన్‌లో "బనానె" అంటారు. బ, నా, నె. మూడు చప్పట్లు. ఇదే ఆట తెలుగులో ఆడించండి. అ, ర, టి, పం, డు. అయిదు చప్పట్లు. ఇప్పుడు ఆ మాట పలక మీద రాయండి. అయిదు అక్షరాలు! చప్పట్టుకో అక్షరం. మన రాత చాలావరకు అలాగే నడుస్తుంది. నోటికి ముందే వచ్చిన మాటను కంటితో చూసుకోవడం పిల్లకు పండగ. తెలియని మాటకు అక్షరం దిద్దడం శిక్ష.

తెలుగు అక్షరానికీ జర్మనీకీ పాత బంధుత్వం ఉందని మీకు తెలుసా? బెంజమిన్ షుల్జె అనే జర్మన్ మతబోధకుడు 1726లో మద్రాసు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, తెలుగుకు వ్యాకరణం రాశాడు. స్వదేశానికి తిరిగొచ్చాక, హాలే నగరంలో 1746, 47 సంవత్సరాల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు అవే. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఈ కథ చెప్పండి. మనం ఉంటున్న దేశంలోనే మన అక్షరం మొదట అచ్చయిందంటే వాళ్ళు తల ఎత్తుకుని వింటారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. షుల్జె పెద్దవాడు. వ్యాకరణం పట్టుకుని భాషలోకి వెళ్ళగలిగాడు. నాలుగేళ్ళ పాపకు ఆ దారి లేదు. పాపకున్న దారి చెవీ, చెయ్యీ.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇందాక దక్షిణాఫ్రికా అన్నాను కదా. మనవాళ్ళు అక్కడికి ఎప్పుడో వెళ్ళారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి వెళ్ళిన కూలీలలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ బిడ్డలు భాష నిలుపుకోవాలని 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఎంతో శ్రమపడ్డారు. 1996 నాటి అక్కడి రాజ్యాంగం గౌరవించవలసిన భాషల్లో తెలుగును పేరు పెట్టి చెప్పింది. అదే వరసలో జర్మన్ కూడా ఉంది. అయినా ఇళ్ళల్లో రోజువారీ మాటగా తెలుగు అక్కడ చాలామటుకు తగ్గిపోయింది. ఇంగ్లీషు బడీ, ఇంగ్లీషు ఉద్యోగమూ దాన్ని పక్కకు నెట్టేశాయి. ఆ పెద్దల ప్రేమలో లోపమేం లేదు. కానీ మనం తెలుసుకోవలసింది ఒకటుంది. రాజ్యాంగంలో పేరున్నా, సంఘం ఉన్నా, పుస్తకం ఉన్నా, ఇంట్లో ఆ భాషతో పని జరగకపోతే పిల్లలకు అది అందదు. జర్మనీలో ఇప్పుడు పెరుగుతున్నది చాలా ఇళ్ళల్లో మొదటి తరం పిల్లలే. మనకింకా సమయం ఉంది.

అందుకని ఈ వారం ఒక్క పని చెయ్యండి. నోటుపుస్తకం మూసెయ్యండి. మీ ఇంట్లో రోజూ జరిగే ఒక్క పనిని ఎంచుకోండి. బూట్లు వేసుకోవడం కావచ్చు, అన్నాలకు పళ్ళాలు పెట్టడం కావచ్చు. ఆ పనికి సంబంధించిన నాలుగైదు మాటలు తెలుగులోనే అనండి. ముందు చేసి చూపించండి. తర్వాత కలిసి చెయ్యండి. తర్వాత మాట మాత్రం అనండి. పాప పలకలేదని బెంగపడొద్దు. పని చేసిందా లేదా, అంతే చూడండి. వచ్చే వారం ఇంకో పని కలపండి.

మళ్ళీ ఒక్కసారి చెబుతాను. ముందు చెవి. తర్వాత చెయ్యి. ఆ తర్వాత నోరు. చివర అక్షరం. పలికించే ముందు పని చెప్పండి. ఈ రాత్రి అన్నాల దగ్గరే మొదలుపెట్టండి.